కొబ్బరి మాను మీద వర్గమూలం: ఎనిమిది ఆదివారాల బీజగణితం తరగతులపై నా అభిప్రాయం

ఈ వేసవిలో మా అమ్మాయిని కోనసీమలోని అంబాజీపేటకు దగ్గరలోని ఒక ఊళ్లో, కాలువ గట్టును ఆనుకొని ఉన్న తమ ఇంటి వసారాలో విశ్రాంత గణిత అధ్యాపకులొకరు నడిపే బీజగణితం తరగతులకు పంపించాను. మొత్తం ఎనిమిది ఆదివారాలు, ఉదయం ఏడు గంటల నుంచి తొమ్మిదిన్నర వరకు తరగతి. రుసుము 1,200 రూపాయలు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ తీసుకోబోయే పిల్లల కోసం పెట్టిన ఈ తరగతుల్లో చెప్పేది ఒకే ఒక్క అంశం: వర్గమూల సమీకరణాలు, వాటితో నిజమైన పెరుగుదలను లెక్కగట్టే పద్ధతి. తల్లిదండ్రులు వెనక బల్ల మీద కూర్చుని వినవచ్చునని మాస్టారు ముందే చెప్పడం వల్ల, ఎనిమిదింటిలో ఆరు తరగతులు నేనూ విన్నాను. పిల్లలను పంపాలా వద్దా అని మా వైపు కొందరు నన్ను అడుగుతున్నారు కాబట్టి, విన్నదీ చూసిందీ వివరంగా రాస్తున్నాను.

చేర్పించేటప్పుడు నాకు గట్టి నమ్మకం లేదు. వర్గమూలం ఉన్న సమీకరణం అనగానే మనకు తెలిసిన పద్ధతి ఒకటే: మూలం గుర్తును ఒకవైపు ఉంచి, మిగిలినదంతా రెండో వైపుకు పంపి, రెండు వైపులా వర్గం చేసి, వచ్చిన వర్గ సమీకరణాన్ని సాధించడం. అది ఒక పూటలో నేర్పదగిన విషయం. దానికి ఎనిమిది వారాలు ఎందుకని నా సందేహం. మొదటి ఆదివారం మాస్టారు నల్లబల్ల జోలికే పోకుండా, పిల్లలందరినీ పక్కనున్న కొబ్బరి తోటలోకి తీసుకెళ్లి, ఒక్కొక్కరినీ ఒక్కో చెట్టు మాను మీద చెయ్యి పెట్టి కింది నుంచి పైకి తడిమి చూడమన్నప్పుడు ఆ సందేహం సగం తీరింది.

కొబ్బరి చెట్టు తన వయసును మాను మీదే రాసుకుంటుంది. రాలిన ప్రతి మట్టా మాను చుట్టూ ఒక గీతను వదిలిపోతుంది. దేశవాళీ పొడుగు రకానికి ఏడాదికి సుమారు పన్నెండు మట్టలు వస్తాయి కాబట్టి, పన్నెండు గీతలను ఒక సంవత్సరంగా పట్టుకోవచ్చు. కింది భాగంలో గీతకూ గీతకూ మధ్య అరచెయ్యి పట్టేంత ఎడం ఉంటే, పైకి పోయేకొద్దీ అది రెండు వేళ్లకు తగ్గిపోతుంది. ఆ రోజు కొలతలకు సాయంగా వచ్చిన దింపు కార్మికుడు (చెట్టెక్కి కాయలు దించేవాడు), సగం మాను ఎక్కి టేపు పట్టుకుని, "ఇక్కడి నుంచీ కాలు పెట్టే చోటు ఇరుకైపోద్దండి, చెట్టు ముసిలిదయ్యేకొద్దీ అంతేనండి" అన్నాడు. మాస్టారు వెంటనే పిల్లల వైపు తిరిగి, "వర్గమూలం గ్రాఫు గురించి నేను చెప్పబోయే మొదటి వాక్యం అతను చెప్పేశాడు, రాసుకోండి" అన్నారు. ఏటా పెరుగుదల ఉంటుంది, కానీ నిరుటి కంటే ఈ ఏడు తక్కువ ఉంటుంది, అయినా పూర్తిగా ఆగదు. ఈ మూడు లక్షణాలూ ఒకేచోట కనిపించినప్పుడు వర్గమూల ప్రమేయాన్ని ఒకసారి ప్రయత్నించి చూడాలన్నది ఆయన పాఠానికి పునాది.

రెండో వారానికి ఎవరి ఇంటి చెట్టు కొలతలు వారు తీసుకురావాలి. మేము కొలిచింది 1996 నవంబరు తుపానులో మా తోట పడిపోయాక, మరుసటి ఏడు మా నాన్నగారు నాటిన మొక్కల్లో ఒకటి. అంటే దాని వయసు ఇరవై తొమ్మిదేళ్లు. కొబ్బరి మొక్కకు మొదటి కొన్నేళ్లు మాను కనిపించదు. మొవ్వు, అంటే చిగురు వేసే భాగం, నేలమట్టంలోనే బలిసి, నాలుగైదేళ్లకు గాని కాండం పైకి లేవదు. అందుకని మాస్టారు వయసు నుంచి నాలుగు తీసివేయించి, మిగిలినదానిని మాను వయసుగా లెక్కించమన్నారు. మా అమ్మాయి గీతలు లెక్కపెట్టి, మాను మొదలు నుంచి టేపుతో కొలిపించిన ఎత్తులు ఇవి: 48 గీతల దగ్గర, అంటే నాలుగేళ్ల మానుకు, 4.6 మీటర్లు, 108 గీతల దగ్గర, తొమ్మిదేళ్లకు, 7.3 మీటర్లు, 192 గీతల దగ్గర, పదహారేళ్లకు, 10.2 మీటర్లు, 300 గీతల దగ్గర, ఇరవై ఐదేళ్లకు, 12.4 మీటర్లు.

ఈ అంకెలకు వర్గమూలం సరిపోతుందో లేదో తేల్చే ఉపాయం నాకు ఈ తరగతుల్లో బాగా నచ్చిన భాగం. ఎత్తు వయసు వర్గమూలానికి అనులోమంగా, అంటే ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో, ఉంటే, ఎత్తు వర్గం వయసుకే అనులోమంగా ఉండాలి. కాబట్టి ప్రతి ఎత్తునూ వర్గం చేసి మాను వయసుతో భాగిస్తే దాదాపు ఒకే సంఖ్య రావాలి. మా చెట్టుకు వరుసగా 5.3, 5.9, 6.5, 6.2 వచ్చాయి. అచ్చంగా ఒకటి కాకపోయినా ఆరుకు అటూ ఇటూ ఉన్నాయి. ఆరుకు వర్గమూలం 2.45 కనుక, లెక్కకు అనువుగా దానిని 2.5గా తీసుకుని, ఎత్తు = 2.5 × √(వయసు − 4) అని సూత్రం రాయించారు. దాని ప్రకారం ఆ నాలుగు చోట్లా రావలసిన ఎత్తులు 5, 7.5, 10, 12.5 మీటర్లు. మా నాన్నగారు నాటిన చెట్టు పక్కన తన చేతిరాతలో ఆ సూత్రాన్ని చూసుకున్నప్పుడు మా అమ్మాయి ముఖంలో వచ్చిన మార్పును నేను ఏ ట్యూషన్‌లోనూ చూడలేదు.

అంతటితో ఆపి ఉంటే ఇది కూడా అందంగా చెప్పిన ఒక పాఠం మాత్రమే అయ్యేది. మాస్టారు అక్కడ ఆపలేదు. "మొదటి పన్నెండు గీతల దగ్గర ఎంత ఉందమ్మా?" అని అడిగారు. 0.9 మీటరు. సూత్రమేమో 2.5 మీటర్లు అంటోంది. అంటే మాను పుట్టిన మొదటి ఏడాది దగ్గర సూత్రం చెట్టును దాటి పోయింది. వర్గమూలం గ్రాఫు మొదలయ్యే బిందువు దగ్గర దాదాపు నిట్టనిలువుగా లేస్తుందనీ, ప్రాణమున్న ఏదీ అలా లేవదనీ, కాబట్టి ఈ సూత్రాన్ని నాలుగేళ్ల మాను దగ్గర నుంచే నమ్మాలనీ చెప్పి, ఆ హద్దును సూత్రం పక్కనే రాయించారు. మూలం గుర్తు కింద ఉన్నది రుణ సంఖ్య కాకూడదన్న నియమం పాఠ్యపుస్తకంలో పొడిగా కనిపిస్తుంది. వయసు నాలుగేళ్ల లోపు ఉంటే కొలవడానికి మానే లేదన్న మాటగా అదే నియమాన్ని విన్నప్పుడు పిల్లలకు వేరే వివరణ అక్కరలేకపోయింది.

ఇక సమీకరణాలను సాధించే భాగం. చెట్టు 15 మీటర్లు ఎప్పుడు అవుతుంది? 15ను 2.5తో భాగిస్తే 6. దాని వర్గం 36. నాలుగు కలిపితే నలభయ్యో ఏడు. ఇది తేలిక. తరువాతిది అసలైన లెక్క. కొబ్బరి మొక్క నాటిన రోజునే గట్టు మీద ఒక తాటి టెంక పాతామనీ, దానికి పదో ఏట మాను లేచి, ఆపైన ఏడాదికి అర మీటరు చొప్పున సమంగా పెరిగిందనీ లెక్క కోసం అనుకుంటే, రెండు చెట్లూ ఎప్పుడు ఒకే ఎత్తుకు వస్తాయి? నాటి గడిచిన ఏళ్లను t అనుకుని 2.5√(t − 4) = 0.5(t − 10) అని రాసి, రెండు వైపులా రెండుతో హెచ్చవేసి వర్గం చేస్తే 25(t − 4) = (t − 10)² అవుతుంది; సర్దితే t² − 45t + 200 = 0; మూలాలు, అంటే t విలువలు, 40, 5. నలభయ్యో ఏట రెండూ 15 మీటర్లు, బాగానే ఉంది. ఐదో ఏడు సంగతేమిటి? ఆ ఏట కొబ్బరి ఎత్తు 2.5 మీటర్లు, తాడి ఎత్తు సూత్రం ప్రకారం మైనస్ 2.5 మీటర్లు. తాటి మాను అప్పటికి లేవనే లేదు. రెండు వైపులా వర్గం చేసినప్పుడు రుణ చిహ్నం చెరిగిపోయి, 2.5కూ మైనస్ 2.5కూ తేడా లేకుండా పోయిందనీ, అందువల్లనే అక్కరలేని మూలం వచ్చి చేరిందనీ ఆయన వివరించిన తీరు చాలా స్పష్టంగా ఉంది. వచ్చిన మూలాలను మొదటి సమీకరణంలో పెట్టి సరిచూసుకోవాలని నేనూ చదువుకునే రోజుల్లో బట్టీ పట్టాను; ఎందుకు సరిచూడాలో నాకు తెలిసింది మాత్రం వెనక బల్ల మీద కూర్చున్న ఆ ఆదివారమే.

నాలుగో, ఐదో వారాలు పిల్లల ఎత్తు మీద నడిచాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలు దీనికి ఆధారం. వాటి కోసం ఆరు దేశాల్లో కొలతలు తీశారని, అందులో మన దేశం నుంచి న్యూఢిల్లీ ఉందని మాస్టారు చెప్పారు. మగపిల్లల మధ్యగత ఎత్తు పుట్టినప్పుడు 49.9 సెంటీమీటర్లు, ఏడాదికి 75.7, మూడేళ్లకు 96.1, నాలుగేళ్లకు 103.3, ఐదేళ్లకు 110. వయసును నెలల్లో తీసుకుని ఎత్తు = 50 + 7.7√t అని రాస్తే, ఏడాదికి 76.7, మూడేళ్లకు 96.2, నాలుగేళ్లకు 103.3, ఐదేళ్లకు 109.6 వస్తాయి. ఇంత దగ్గరగా రావడం చూసి వెనక కూర్చున్న తల్లులు కూడా ఫోన్‌లో లెక్కలు వేయడం మొదలుపెట్టారు. పిల్లవాడు మీటరు ఎత్తు ఎప్పుడు అవుతాడని అడిగితే, 50ని 7.7తో భాగించి వర్గం చేస్తే దాదాపు 42 నెలలు, అంటే మూడున్నరేళ్లు. మా ఇంటి వంటగది గుమ్మానికి మా చిన్నవాడి పుట్టినరోజులకు పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి. ఆ రాత్రి మా అమ్మాయి వాటిని కొలిచి, గీతల మధ్య ఎడం తగ్గుతున్న వరుసను మానుమీది గీతలతో పోల్చి చూసుకుంది.

ఇక్కడ కూడా మాస్టారు సూత్రాన్ని దాని హద్దు దాటించి చూపించారు. పదిహేనేళ్లకు, అంటే 180 నెలలకు, ఈ సూత్రం 153 సెంటీమీటర్లు అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసు మగపిల్లల మధ్యగత ఎత్తు 169. యుక్తవయసులో వచ్చే ఒక్కసారి పొడుగును వర్గమూలం పట్టుకోలేదు. ముప్పై ఏళ్లకు అదే సూత్రం 196 సెంటీమీటర్లు చూపిస్తుంది. ఎందుకంటే వర్గమూలం గ్రాఫు నెమ్మదిస్తుందే తప్ప ఎక్కడా ఆగదు, మనిషి ఎత్తు ఆగుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు చక్కగా సరిపోయిన సూత్రం పెద్దలకు పనికిరాకపోవడం దాని తప్పు కాదనీ, దానిని అక్కడికి లాక్కుపోయినవారి తప్పనీ ఆయన పదేపదే చెప్పారు. రుసుము కట్టినందుకు నాకు దక్కిందేమిటంటే ఇదే అంటాను: సూత్రాన్ని వాడటంతోపాటు ఎక్కడ దించి పెట్టాలో కూడా నేర్పారు.

ఆరో వారం కాలువ తూములకు కేటాయించారు. తూము గుండా దూకే నీటి వేగం పైనున్న నీటి మట్టం వర్గమూలాన్ని బట్టి ఉంటుందని, ఒక మీటరు మట్టానికి సెకనుకు 4.4 మీటర్లయితే నాలుగు మీటర్ల మట్టానికి దానికి రెట్టింపే గాని నాలుగింతలు కాదని చెప్పారు. ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 1644లో ప్రచురించిన ఈ సూత్రాన్ని, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీ కింద బతుకుతున్న పిల్లలకు చెప్పడం సమంజసమే. కానీ పాఠం హడావుడిగా ముగిసింది. లాకుల దగ్గరకు తీసుకెళ్తామని మొదట్లో చెప్పి తీసుకెళ్లలేదు. పైగా తూములో నీరు ఒరుసుకోవడం, ముడుచుకోవడం వల్ల నిజమైన ప్రవాహం లెక్క కంటే బాగా తగ్గుతుందన్న మాట ఒక్క వాక్యంలో తేల్చేశారు. చెట్టు విషయంలో చూపిన శ్రద్ధ ఇక్కడ చూపలేదు.

నాకు నిజంగా వెలితి అనిపించింది రొయ్యల సంగతి. మా తరగతిలో సగం మంది పిల్లల ఇళ్లలో చెరువులున్నాయి. ఒక తండ్రి లేచి, "మాస్టారూ, మా వనామీ రొయ్యలకు ఈ సూత్రం పనిచేస్తుందాండీ?" అని అడిగితే, "పనిచేయదండీ, దాని గ్రాఫు వేరు" అని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. జవాబు సరైనదే, కానీ దాని వెనకున్న కారణం ఒక పూట పాఠానికి తగినది. చెరువు బాగా నడిస్తే అరవై రోజులకు 100 కౌంటు, తొంభై రోజులకు 50 కౌంటు వస్తుందనుకుందాం. అంటే కిలోకు వంద రొయ్యల నుంచి యాభైకి, ఒక్కోటి 10 గ్రాముల నుంచి 20 గ్రాములకు. మొదటి అరవై రోజుల్లో పెరిగినంత బరువు తరువాతి ముప్పై రోజుల్లోనే పెరిగింది. ఈ దశలో పెరుగుదల వేగం అందుకుంటోంది, తగ్గడం లేదు. వర్గమూల సూత్రాన్ని పెట్టి అరవయ్యో రోజు బరువు నుంచి తొంభయ్యో రోజును ఊహిస్తే సుమారు 12 గ్రాములే వస్తుంది, అంటే 82 కౌంటు. ఆ అంచనాతో మేత వేసిన రైతు ఏమవుతాడో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనవసరం లేదు. ఈ లెక్కను నేను ఇంటికి వచ్చి మా అమ్మాయితో వేయించాను. తరగతిలో జరిగి ఉంటే అందరికీ ఉపయోగపడేది. వచ్చే విడతలో దీనికి ఒక పూర్తి ఆదివారం ఇవ్వమని మాస్టారిని స్వయంగా కోరాను, ఆలోచిస్తామన్నారు.

ఇచ్చిన ముద్రిత కాగితాల నాణ్యత గురించి కటువుగానే చెప్పాలి. మూడో వారం పంచిన కాగితంలో మూలం గుర్తు పైగీత t దగ్గరే ఆగిపోయి, √(t − 4) కావలసింది √t − 4గా అచ్చయింది. రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇరవయ్యో ఏట మొదటిదాని ప్రకారం మాను ఎత్తు 10 మీటర్లు; రెండోదాని ప్రకారం 1.2 మీటర్లు. ఆ రాత్రి మా అమ్మాయి మూడుసార్లు లెక్క వేసి, కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "ఇరవై ఏళ్ల చెట్టు నా భుజం దాకా కూడా లేదేంటి నాన్నా?" అని అడిగింది. తప్పు కాగితంలో ఉందని తను కనిపెట్టడం నాకు గర్వంగానే ఉంది, కానీ కనిపెట్టలేక తమ తెలివి మీదే అనుమానపడిన పిల్లలు కూడా ఆ తరగతిలో ఉన్నారు. వర్గమూలం నేర్పే చోట మూలం గుర్తు ఎంతవరకు పరుచుకుంటుందన్నది అచ్చుతప్పుగా వదిలేయదగిన విషయం కాదు. తరువాతి వారం నోటితో సవరించారు గాని, సరిచేసిన కాగితం మళ్లీ ఇవ్వలేదు. చివరి రెండు వారాల ఇంటిపని దిద్ది ఇవ్వకపోవడం కూడా నాకు నచ్చలేదు.

ఏడో వారం జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఫోన్లలో వేయించి, సూత్రంలోని మూడు అంకెలను జరుపుతూ గ్రాఫు ఎలా కదులుతుందో చూపించారు. మూలం బయటి గుణకాన్ని పెంచితే వంపు నిక్కుతుంది; లోపలి అంకెను మారిస్తే మొదలు కుడికో ఎడమకో జరుగుతుంది; చివర కలిపే అంకె మొత్తాన్ని పైకో కిందికో లేపుతుంది. ఇది ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. అయితే తమ చెట్టు కొలతలను చుక్కలుగా పెట్టుకుని, వాటి మీదుగా గీతను తామే వేలితో జరిపి కూర్చోబెట్టడం వల్ల పిల్లలు చాలాసేపు కదలకుండా పని చేశారు. ఎనిమిదో వారం పునశ్చరణ. దాని గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు.

వసతుల విషయానికొస్తే, వసారా గాలి వాటుగా ఉన్నా తొమ్మిది దాటితే ఎండ బల్లల మీదికి వస్తుంది. తాగునీరు, మజ్జిగ ఇంటివారే ఇస్తారు. ఇరవై మందిని మించి చేర్చుకోరు. ప్రవేశ పరీక్షకు వేగంగా జవాబు గుర్తించే ఒడుపుల కోసం పంపదలచిన వారు ఇక్కడికి పంపవద్దు; అటువంటివి ఇక్కడ చెప్పరు. వర్గ సమీకరణాలు సాధించడం రాని పిల్లలకు రెండో వారం నుంచే కష్టమవుతుంది, కాబట్టి పదో తరగతి పాఠం ఒకసారి తిరగేసి పంపడం మంచిది. ఆ మాత్రం పునాది ఉండి, కొలిచి చూడటానికి ఓపిక ఉన్న పిల్లలకు మాత్రం 1,200 రూపాయలు ఏమాత్రం ఎక్కువ కాదు. కాగితాలు, దిద్దుబాటు, రొయ్యల పాఠం అన్న మూడు లోపాలను లెక్కలోకి తీసుకుని ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను.

దసరా సెలవుల విడతకు మా అన్నయ్యగారి అబ్బాయి పేరు రాయించి వచ్చాను. సరిచేసిన మూడో వారం కాగితాన్ని పాత పిల్లలకు కూడా పంపమని మళ్లీ అడిగాను. చెట్టు కొలవడానికి దింపు కార్మికుణ్ని ముందుగానే మాట్లాడి పెట్టుకోండి. దింపు రోజున కలిపి చేయిస్తే విడిగా కూలి ఇవ్వనక్కర లేదు.